పెట్టె మీద ఊరి పేరు

నాకు ముక్కు మీద కోపం. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిన కొత్తలో వన్ టౌన్‌లో రేకు పెట్టె కొనుక్కున్నాను. పెట్టె కొన్నవాళ్ల పేరు, ఊరు మూత మీద రంగుతో రాసివ్వడం ఆ కొట్లో రివాజు. కొట్టు సాయిబు నా పేరు కింద 'ఇసాకపట్నం' అని రాశాడు. 'వి' ఏదని ఇంతెత్తున లేచాను.

"నువ్వేటి పలికినావో అదే రాసినాను బావా," అన్నాడు, కుంచె తుడుచుకుంటూ.

నిజమే, మా వైపు నోటికి 'వి' పలకదు. వచ్చే ఆదివారం దిద్దుతానన్నాడు. ఆ ఆదివారం ముప్పై ఏళ్లయినా రాలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం కూర్మన్నపాలెంలో బస్సెక్కి వెళ్లి, టీ తాగి, పోట్లాడి వచ్చేవాణ్ణి. ఒడ్డున విశాఖేశ్వరుడి గుడి ఉండేదని, సముద్రం మింగేసిందని, ఊరికి ఆ దేవుడి పేరేనని మా అమ్మమ్మ చెప్పిన కథ నాది. కొండ మీద దర్గాలో ఉన్న ఇసాక్ ఔలియా పేరే ఊరిదని వాళ్ల నాన్న చెప్పిన కథ అతనిది. నీ గుడి చూపించమనేవాడు. సముద్రాన్ని తోడమనేవాణ్ణి. నా భార్య పోయాక వారం మొత్తంలో నేను గొంతెత్తి మాట్లాడింది అక్కడే.

పోయిన వేసవిలో టీ కొట్టు దగ్గర నలుగురు మా వాదన వింటూ నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకున్నాను. నోరు జారాను.

"బయటినుంచొచ్చినోళ్లు మీరు. మా ఊరి పేరు మీకేటి తెలుస్తాది?"

అతని ముత్తాత పుట్టింది ఆ కొట్టున్న సందులోనే. నేను పాలకొండ పక్క పల్లె నుంచి బతుకుతెరువుకి వచ్చినవాణ్ణి. అతను ఆ మాట అనలేదు. టీ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తప్పు నాదని ఆ సాయంత్రమే తెలుసు. అయినా ఫోన్ అతనే చేస్తాడని కూర్చున్నాను. ఐదు ఆదివారాలు టీవీ ముందు గడిపాను. క్వార్టర్స్‌లో ఇరుగుపొరుగు చాలామంది ఖాళీ చేసేశారు, పలకరించడానికి పాలవాడు తప్ప ఎవరూ లేరు. ఆరో ఆదివారం పౌరుషం చంపుకుని వెళ్లాను.

పెట్టెల కొట్టు మూసి ఉంది. వెనకున్న ఇంట్లోంచి అతని భార్య వచ్చింది. గుండెపోటట, పోయి పన్నెండు రోజులైందట. నా ఫోన్ నంబరు అతని ఫోన్‌లో ఏ పేరుతో ఉందో ఎవరికీ తెలియలేదట. 'బావ' అని ఉంటుంది, అలాంటి బావలు అతనికి ఇరవైమంది.

ఆవిడ లోపలికి వెళ్లి జానెడు రేకు ముక్క తెచ్చింది. నాలుగు మూలలా మేకులకి చిల్లులు, మధ్యలో అతని చేతిరాతతో 'విశాఖపట్నం'.

"'బావ వస్తే ఆడి ఊరు పేరు ఆడికిచ్చియ్' అన్నారన్నయ్యా."

అది కోపమో, రాజీయో ఆవిడని అడగలేకపోయాను. బస్సులో ఆ రేకు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. 'వి' ముత్యంలా ఉంది.

ఇంటికొచ్చి మేకులు, సుత్తి తీశాను. రేకుని మూత మీద పాత పేరుకి ఆనించి చూశాను. చివరికి ఆ రేకు ముక్కని పెట్టె లోపల పెట్టి మూత వేశాను. మూత మీద ఇసాకపట్నం అలాగే ఉంది.