ఆపరేషన్ గది బయట

రిటైరయ్యాక నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. బడి గంట కొట్టే వేళకు చొక్కా తొడుక్కుని వరండాలో పచార్లు చేసేవాణ్ణి. చూసి చూసి నా భార్య, "ఊరికే తిరిగే బదులు ఎవురికన్నా పనికొచ్చేది చూసుకోగూడదా మీరు?" అంది. నాలాంటి రిటైరైన టీచర్లు కొందరు కర్నూలు పెద్దాసుపత్రిలో రోగులకు దారి చూపుతున్నారని తెలిసి, మా కల్లూరులో షేర్ ఆటో ఎక్కి వెళ్లి వాళ్లలో చేరాను.

ఆ పని నాకు సరిపోయింది. ఒకరిని ఎక్స్‌రేకు, ఇంకొకరిని రక్తపరీక్షకు తీసుకుపోతూ పొద్దంతా నడుస్తూనే ఉండేవాణ్ణి.

ఒకరోజు ఆపరేషన్ గది బయట నందికొట్కూరు నుంచి వచ్చిన ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. లోపల ఆమె భర్తకు గుండె ఆపరేషన్ జరుగుతోంది. ఆమెకు టీ తెచ్చిచ్చాను. మళ్లీ వెళ్లి నీళ్లు తెచ్చాను. కనబడిన నర్సునల్లా లోపల ఎలా ఉందని అడుగుతూ అటూ ఇటూ తిరిగాను.

"ఏమప్పా, శానా తిరుగుతాండావు. నిన్ను చూస్తాంటే నాకు ఇంకా బయమైతాండాది. ఈడ కూచో," అందామె.

కూర్చున్నాను. ఏ పనీ చేయకుండా ఒకరి పక్కన కూర్చోవడం నాకు అలవాటు లేదు. మోకాళ్లు వాటంతటవే ఊగుతున్నాయి.

"మా ఆయప్పకు సూదంటేనే బయం. లోపల ఎట్లుండాడో," అంది. నేనూ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి, ప్రాణానికి ఇక భయం లేదన్నాడు. ఆమె నావైపు చూడకుండానే అటు పరుగెత్తింది. నేనూ లేవబోయాను కానీ కాళ్లు సహకరించలేదు. అంతసేపూ నేను కూడా ఆమె భయపడినంతా భయపడ్డానని అప్పుడు తెలిసింది.