మనిషికి ఒక బకెట్

యాడికి మండలంలో ఉన్న మా ఊరి గుహలు చూడటానికి ఏళ్లుగా జనం వస్తున్నారు. కార్లలో వచ్చి, తెచ్చుకున్నది తిని, ప్లేట్లూ సీసాలూ మా చేలగట్ల మీద పారేసి పోయేవారు. వాటిని ఏరి తగలబెట్టడమే మాకు మిగిలేది. వానల్లేక శెనక్కాయ పంట మళ్లీ ఎండిపోయిన ఏడు, వచ్చేవాళ్లను మన ఇంట్లోనే ఉంచుకుని వండిపెడదామని మా ఆయనతో అన్నాను. ఆయన సరేనన్నాడు గానీ, మా అత్త ఒప్పుకోలేదు.

"దుడ్లిచ్చి తినేటోళ్లు చుట్టాలెట్లయితారు? ఊరంతా నవ్వుతాది."

అయినా ముందుగదికి సున్నం కొట్టించాను. మొదటగా బెంగళూరు నుంచి ఒక జంట వచ్చింది. రాత్రి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి అడిగి మరీ పెట్టించుకున్నారు. తెల్లారి కుళాయి రాలేదు. స్నానానికి చెరొక బకెట్ పెట్టాను. వచ్చినాయన దాన్ని చూసి గొంతు పెంచాడు.

"ఒక్క బకెట్టా? డబ్బులు తీసుకుని ఇదేనా మర్యాద?"

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "ట్యాంకర్ తెప్పిస్తా, గమ్మునుండు" అన్నాడు. నేను వద్దన్నాను.

"సార్, ఈడ మనిషికి ఒక బకెట్టే. మేమూ అంతే పోసుకుంటాం. మీకు ఎక్కువ పోస్తే వంటకు నీళ్లుండవు."

వాళ్లు టిఫిన్ కూడా తినకుండా కారెక్కి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఇక అత్త నోటికి అడ్డుండదని తల దించుకుని నిలబడ్డాను. ఆమె నా పక్కకొచ్చింది.

"పోతే పోనీలే. నువ్వు చెప్పింది నిజమే కదా. ఈసారి వచ్చేటోళ్లకు ముందే చెప్పు."

అప్పటినుంచి ఫోన్‌లోనే చెబుతున్నాను: నీళ్లు ఇంతే, చెత్త మీరే వెనక్కి తీసుకుపోవాలి. కొందరు మధ్యలోనే ఫోన్ పెట్టేస్తారు. కొందరు వస్తారు, మళ్లీ వస్తారు. ఇప్పుడు మా వీధిలో ఇంకో రెండిళ్లలోనూ అతిథులను ఉంచుకుంటున్నారు.

ఈమధ్య బయటినుంచి ఒకాయన వచ్చి, గుహల పక్కన బోర్లు వేసి, ఈత కొలనుతో హోటల్ కడతానన్నాడు. ఊరికి మంచిదేనని కొందరు మగవాళ్లు తలూపారు. ఆడవాళ్లం గ్రామసభలో ముందు వరసలో కూర్చున్నాం. అందరికంటే ముందు మా అత్తే లేచింది.

"ఏమప్పా, మాకు తాగను నీళ్లు లేకుంటే, నీ కొలనుకు యాడినుంచి తెస్తావు?"

ఆయన తర్వాత చెబుతానని లేచి వెళ్లిపోయాడు. హోటల్ పని ప్రస్తుతానికి ఆగింది. మళ్లీ అనుమతి అడుగుతారని మాకు తెలుసు. మళ్లీ వెళ్లి కూర్చుంటాం.