పదిహేడో ఐడీ చేతులు మారిన వైనం

1999 ఫిబ్రవరి 15, సోమవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు మా ప్రోగ్రామర్లలో ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి, ఉమ్మడి లైబ్రరీలో తన ప్రోగ్రాము కనబడడం లేదని చెప్పారు. ఇరవై నాలుగుకు ఇంకొకరు వచ్చారు. ఇరవై తొమ్మిది అయ్యేసరికి హాలులో టెర్మినళ్ళ ముందు కూర్చున్న వాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు. ఈ వేళలు జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నవి కావు. ఆ ఏటి డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అప్పటికి మా కంపెనీ హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన భవనంలోకి మారి పదకొండు వారాలయింది. నాలుగో అంతస్తు. కిటికీలోంచి చూస్తే రాళ్ళగుట్టలు, వాటి మధ్య అప్పుడే వేసిన తారురోడ్డు. నాకు నలభై నాలుగేళ్ళు. ఒక ప్రభుత్వరంగ కర్మాగారపు కంప్యూటర్ విభాగంలో పద్నాలుగేళ్ళు పనిచేసి, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఇక్కడ చేరాను. రోజూ లింగంపల్లి నుంచి వచ్చేవాణ్ణి. మేము చేస్తున్నది ఆ రోజుల్లో అందరూ చేస్తున్న వై-టూ-కే పని. ఒక విదేశీ బీమా సంస్థ పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా, రెండువేల సంవత్సరం వచ్చేలోగా, నాలుగంకెలు పెట్టాలి.

ఈ వృత్తి తెలియని పాఠకుల కోసం కొంత వివరించాలి. మా దగ్గర ఉన్నది ఒక్కటే పెద్ద కంప్యూటరు, మెయిన్‌ఫ్రేమ్. దానిమీద నడిచే వ్యవస్థ ఆ ఒక్కదాన్నే ముప్పై భాగాలు చేసి, ప్రతి ఉద్యోగికీ తనకంటూ ఒక కంప్యూటరు ఉన్నట్టే చూపించేది. అలా పంచిన ఒక్కొక్క భాగం పేరు వర్చువల్ మెషీన్. అది విడిగా ఎక్కడా ఉండదు, విడిగా ఉన్నట్టు పనిచేస్తుంది. ఎవరి మెషీన్‌లోకి వారు వెళ్ళడానికి ఒక యూజర్ ఐడీ, ఒక పాస్‌వర్డ్. ఏ ఐడీకి ఏయే డిస్కులు కనబడాలి, వాటిలో దేన్ని చదవడానికి మాత్రమే హక్కుంది, దేని మీద రాయడానికి కూడా హక్కుంది అన్నదంతా డైరెక్టరీ అనే ఒక ఫైలులో ఉండేది. ఆ ఫైలును మార్చే అధికారం మా ఆఫీసులో నాకొక్కడికే ఉండేది.

క్లయింటుతో, అంటే ఆ బీమా సంస్థతో, ఒప్పందం ముప్పై ఐడీలకు. ఒక ఐడీ తీసేసి కొత్తది పెట్టాలంటే ఫ్యాక్స్ పంపి వాళ్ళ సెక్యూరిటీ విభాగం ఆమోదం తెప్పించుకోవాలి. దానికి రెండు మూడు వారాలు పట్టేది. మా దగ్గర చూస్తే నెలకొకరు చొప్పున వేరే కంపెనీలకు వెళ్ళిపోతున్నారు. అందువల్ల ఒక ఆచారం ఏర్పడింది. వెళ్ళినవారి ఐడీని తొలగించకుండా, పాస్‌వర్డ్ మార్చి, చేరినవారికి అప్పగించేవాళ్ళం. చేరిన రోజు మధ్యాహ్నానికే కొత్త మనిషి పనిలో కూర్చునేవారు. ఈ చురుకుదనం గురించి మా మేనేజరు ప్రసాద్ గారికి కొంత గర్వం ఉండేది. నాకూ ఉండేది. అప్పగింతలకు నేను ఒక రిజిస్టరు పెట్టాను: తేదీ, ఎవరి నుంచి, ఎవరికి, నా సంతకం.

ఇక ఆ సోమవారం సంగతి. ఉమ్మడి లైబ్రరీ అంటే పూర్తయిన ప్రోగ్రాములన్నీ ఉంచే డిస్కు. శుక్రవారం సాయంత్రానికి అందులో 1,126 ఫైళ్ళు ఉన్నాయి. సోమవారం పదకొండున్నరకు ఒక్కటీ లేదు. సిస్టమ్ లాగ్ తీసి చూశాను. పదకొండు గంటల ఆరు నిమిషాలకు ఆ డిస్కును ఫార్మాట్ చేశారు, అంటే పలకను తుడిచినట్టు తుడిచేశారు. చేసింది పదిహేడో ఐడీ.

పదిహేడో ఐడీ బాలమణి గారిది. ముప్పై మూడేళ్ళ మనిషి, కొండాపూర్ వాసి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో తాత్కాలిక టైపిస్టుగా చేస్తూ, సాయంత్రాలు అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి, ఆ టైపిస్టు పని వదులుకుని మా దగ్గర చేరారు. జనవరి 11న చేరారు. ఆరు నెలల ప్రొబేషన్. నేను వెళ్ళేసరికి ఆమె ఇంకా పని చేసుకుంటూనే ఉన్నారు. ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

పదకొండింటికి ఏం చేశారని అడిగాను.

"నా డిస్కు నిండిందని వచ్చింది సార్. కోర్సుల నేర్పినట్టే 192 ఫార్మాట్ కొట్టిన. ఉన్నదంత పోతది, సరేనా అని అడిగింది. సరే అని ఒకటి కొట్టిన."

నోటుబుక్కు తెరిచి చూపించారు. గుండ్రటి అక్షరాలతో, వరస సంఖ్యలతో, ఆమె చేసినదంతా అందులో ఉంది. శిక్షణ కేంద్రంలో 192 అనే నంబరు ప్రతి విద్యార్థికీ ఇచ్చే ఖాళీ డిస్కు. నిండినప్పుడు తుడుచుకుని వాడుకోవచ్చు. మా ఆఫీసులో అదే నంబరు అందరి మెషీన్లలోనూ ఉమ్మడి లైబ్రరీ. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ప్రమాదం ఉండకూడదు. ప్రోగ్రామర్లకు దాన్ని చదివే హక్కే ఉంటుంది. ఫార్మాట్ అంటే మెషీన్ కుదరదనాలి.

నా బల్లకు తిరిగివచ్చి డైరెక్టరీలో పదిహేడో ఐడీ తెరిచాను. లైబ్రరీ డిస్కుకు ఎదురుగా రాసే హక్కు కూడా ఉంది. కారణం వెంటనే తట్టింది. బాలమణి గారికి ముందు ఆ ఐడీ మురళి అనే అతనిది. అతను మా లైబ్రరీ సంరక్షకుడు, డిసెంబరులో వెళ్ళిపోయాడు. అతనికి ఆ హక్కు ఇచ్చింది నేను. జనవరి 11న ఐడీని ఆమెకు అప్పగించినప్పుడు దాన్ని తీసేయనిదీ నేనే.

ఈ సంగతి నాకు పదకొండు గంటల యాభై అయిదు నిమిషాలకు తెలిసింది. మూడు గంటలు కావచ్చేవరకు ఎవరికీ చెప్పలేదు. ముందు డేటా తిరిగి తేవాలి కదా అనుకున్నాను. అది అబద్ధం కాదు. శుక్రవారం సాయంత్రం తీసిన బ్యాకప్ టేపు ఎక్కించాను. ఒంటిగంటా పదిహేనుకు 1,126 ఫైళ్ళూ తిరిగి వచ్చాయి. శనివారం కూడా ఆఫీసు నడిచింది కనుక, ఆ రోజునా, సోమవారం పొద్దునా లైబ్రరీలో చేర్చిన అరవై నాలుగు ప్రోగ్రాముల మార్పులు పోయాయి. క్లయింటుకు మొత్తం సరుకు అందించాల్సింది ఆ శుక్రవారం, 19వ తేదీన.

రెండింటికి ప్రసాద్ గారు పిలిచారు. గుంటూరు మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. అయిదింటిలోపల క్లయింటుకు ఫ్యాక్స్ వెళ్ళాలన్నారు.

"కారణం కింద ఒక మనిషి పేరుండాలండీ మూర్తిగారూ. పర్మిషన్ లేకుండా చేసింది, ప్రాజెక్టు నుంచి తీసేశాం అని రాస్తే వాళ్ళు అంతటితో ఊరుకుంటారు. ఆవిడ చేత ఒక లెటర్ రాయించండి. ఇంగ్లీషు మీరు చెప్పండి, ఆవిడ రాస్తారు."

ప్రాజెక్టు నుంచి తీసేస్తే ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి ఉద్యోగం పోయినట్టే. వదులుకుని వచ్చిన పాత పని మళ్ళీ దొరకదు. ఇదంతా తెలిసీ నేను సరేనన్నాను. అది కూడా డైరీలో రాసుకున్నాను.

శిక్షణ గదిలో నేనూ బాలమణి గారూ కూర్చున్నాం. తలుపు తీసే ఉంచాను. మొదటి వాక్యం, తేదీ, వేళ, చెప్పినట్టే రాశారు. రెండో వాక్యంలో నాకు అనుమతి లేకపోయినా అనే మాట రాగానే కలం ఆపారు.

"పర్మిషన్ లేకుండ అని రాయమంటున్నరు. లేకపోతె మిషన్ ఒప్పుకోదు కద సార్. అది ఒప్పుకున్నది."

ఆమె కలం బల్లమీద పెట్టారు.

"నాకు ఎవరిచ్చిండ్రు సార్ ఆ పర్మిషన్?"

"మీకు ఎవరూ ఇవ్వలేదమ్మా. మీకంటే ముందున్న మురళిది అది. ఐడీతో పాటు మీకు వచ్చేసింది."

ఆమె కొంచెంసేపు కాగితం వైపు చూశారు. కోపం లేదు. లెక్క సరిపోయిందా అని చూసుకుంటున్న మనిషిలా ఉన్నారు.

"కొండాపూర్ల మాకు నాలుగు రూములున్నయి సార్. మీ అసొంటి కంప్యూటరోళ్ళకే కిరాయికిస్తం. ఒకలు ఖాళీ చేస్తె మా అత్తమ్మ తాళం మార్చినంకనే ఇంకొకలకు ఇస్తది. పాతోళ్ళ సామాను ఏమన్న ఉన్నదా అని స్టూల్ ఎక్కి అటక గూడ చూస్తది. మీరు చూడలేద సార్?"

"తాళం మార్చాను. అటక చూడలేదు."

"అయితె ఈ లెటర్ల ఇద్దరి పేర్లు రాయాలె." ఆ మాటతో పాటు ఆమె ముఖంలో చిన్న నవ్వు వచ్చి, వెంటనే పోయింది. "నాది తీసెయ్యమంటలేను. 192 ఏందో అడగకుండ కొట్టిన, అది నా తప్పే. కని లేని పర్మిషన్ అని నేను రాయ."

నేను ఆ కాగితం తీసుకుని, సగంలో ఆగిన రెండో వాక్యం మీద అడ్డగీత కొట్టాను. రిజిస్టరు తెచ్చుకుని ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళాను. అప్పుడు మూడు గంటలు.

జనవరి 11వ తేదీ వరస చూపించాను. డైరెక్టరీలోని పేజీ అచ్చు తీసి పక్కన పెట్టాను. ఆయన రెండూ చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇప్పుడిలా అంటే ఎలాగండీ? వాళ్ళకి ఒక పేరు కావాలి."

"నా పేరు రాయండి."

"మీ పేరు రాసి తీసేశామంటే, రేపు పొద్దున్నుంచి ఐడీలు ఎవరిస్తారండీ, నేనా?"

ఆయన రిజిస్టరు వెనక్కి తిప్పి, పాత అప్పగింతలన్నీ చూశారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. లోపం మనిషిది కాదు, పద్ధతిది అని ఒకసారి అర్థమయ్యాక, ఆయన మళ్ళీ మనిషి పేరు కోసం వెతకలేదు. నివేదిక నన్నే రాయమన్నారు. ఐడీలు చేతులు మారే మా ఆచారం గురించి క్లయింటుకు అంతవరకు తెలియదు. దాన్ని కూడా దాచకుండా రాశాను. కొత్త ఐడీకి రెండు మూడు వారాలు పడుతున్నందువల్లే ఈ దారి పట్టామని కూడా రాశాను. ప్రసాద్ గారు ఆ వాక్యం దగ్గర ఆగి, ఇది కాస్త మెత్తగా చెప్పండి అని మాత్రం అన్నారు. నాలుగు గంటల యాభై నిమిషాలకు ఫ్యాక్స్ వెళ్ళింది. బాలమణి గారికి ప్రత్యేకంగా ఒక ఐడీ కోరుతూ ఇంకొక కాగితం దానికి జతచేశాను.

జవాబు బుధవారం ఉదయం వచ్చింది. ఎవరినీ తీసేయమనలేదు. ముప్పై ఐడీలకూ ఉన్న హక్కుల జాబితా, దాన్ని సరిచూసినవారి సంతకంతో, వారంలో పంపమన్నారు. గడువుకు మూడు రోజులు పొడిగింపు ఇచ్చారు. ప్రసాద్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి క్యాంటీన్ నుంచి అందరికీ టీ తెప్పించారు.

ఆ వారం మా హాలులో జరిగిన పని తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. పోయిన అరవై నాలుగింటిలో తొమ్మిది ఎవరి డిస్కుల్లో వారి దగ్గర ప్రతులు దొరికాయి. యాభై రెండింటికి కాగితం మీద అచ్చులున్నాయి. వాటిని తిరిగి టైపు చేయాలి. ప్రోగ్రామర్లు రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడుతుంటే, టైపిస్టుగా పనిచేసిన బాలమణి గారు అచ్చుకాగితం మీంచి చూపు తిప్పకుండా కొట్టారు. యాభై రెండింటిలో ముప్పై ఒకటి ఆమె పూర్తిచేసినవే. అవి కొట్టింది పదిహేడో ఐడీ నుంచే. లైబ్రరీ మీద రాసే హక్కును నేను సోమవారం సాయంత్రమే తీసేశాను. తీసేశాక ఆ పేజీ అచ్చు తీసి ఆమెకు చూపించి సంతకం అడిగాను. చేసేముందు ఆమె మొత్తం పేజీ చదివి, "ఇగో ఇదేంది సార్?" అని ఒక వరస మీద వేలు పెట్టారు. అది మురళి పాత ప్రింటరు హక్కు. ఈసారి కూడా నేను చూడలేదు. దాన్ని కూడా తీసేశాను.

ముప్పై ఐడీలూ ఒక్కొక్కటిగా చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పదకొండింటిలో పాతవాళ్ళ హక్కులు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదానికి మిగతావాళ్ళ పాస్‌వర్డ్‌లు మార్చే అధికారం ఉంది. అది వాడుతున్నాయనకు ఆ సంగతి తెలియదు. అప్పటినుంచి పద్ధతి మార్చాను. మనిషి వెళ్ళిన రోజే ఐడీలోని హక్కులన్నీ తీసేయాలి. వచ్చిన మనిషి చేసే పనిని బట్టి మొదటినుంచీ రాయాలి. ఆ జాబితాను తీసుకునేవారు చదివి సంతకం పెట్టాలి. రిజిస్టరులో నా సంతకం పక్కన ఇంకొక గడి పెరిగింది.

తర్వాత ఈ వృత్తిలో పందొమ్మిదేళ్ళు ఉన్నాను. వర్చువల్ మెషీన్లు ముప్పై నుంచి వేలల్లోకి పెరిగాయి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత మనిషి పూర్తిగా వెళ్ళిపోయినట్టు కాదని ఆ సోమవారం నేర్చుకున్నాను. ఎవరికి ఏ హక్కు ఉందో ముందుగా తెలుసుకోవలసినవాడు దాన్ని ఇచ్చేవాడు. తీసుకునేవారిని నిలదీయడం ఆ తర్వాతి మాట.

ఆ ఉదంతం ముగింపు లెక్క, డైరీలో ఉన్నట్టే:

పోయినవి: అచ్చు కూడా దొరకక మొదటినుంచీ చేయవలసి వచ్చిన ప్రోగ్రాములు మూడు. గడువులో మూడు రోజులు. 19న ఇవ్వవలసినది 22న ఇచ్చాం. నా సర్వీసు ఫైలులో అప్పటివరకు లేని మెమో ఒకటి చేరింది.

నిలిచినవి: 1,126 ఫైళ్ళు, అరవై నాలుగింటిలో అరవై ఒకటి. క్లయింటు. బాలమణి గారి కోసం కోరగా మార్చి 3న ఆమోదం పొందిన ముప్పై ఒకటో ఐడీ, ఎవరి చేతినుంచీ రానిది. జూలై 12న బాలమణి గారి ఉద్యోగం ఖాయమైంది.