కానుగ కొమ్మ కొట్టొద్దని చెప్పింది నేనే

నల్లగొండలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న పెట్రోలు బంకు గోడ మీద ఒక పచ్చని ఆకు బొమ్మ ఉంది. ఆకు కొస నుంచి ఒక చుక్క జారుతుంటుంది. కింద పెద్ద అక్షరాలతో, రైతు పండించిన ఇంధనంతో దేశం నడుస్తుందని రాసి ఉంది. స్కూటర్‌లో పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా ఆ బొమ్మ కంట పడుతుంది. పడినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. జీవ ఇంధనం మీద నాకేం పగ లేదు. బతుకంతా బళ్లో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ని. గింజలో నూనె ఉంటుందని, ఆ నూనెతో ఇంజను నడపొచ్చని నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నా కోపమంతా ఆ ‘రైతు’ అనే మాట దగ్గర. ఏ రైతు? ఏ ఊరు? ఆ మనిషిని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

నాకు తెలిసిన రైతు ఒకామె ఉంది. మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ. ఆమెను ఎవరూ అడగలేదు. అడగకుండానే ఆమెను ఒప్పించిన పెద్దమనిషిని నేనే.

చిన్నమ్మ ఊరు అచ్చంపేట దాటినంక, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. కుంట కింద రెండెకరాల పొలం, పైన వానను నమ్ముకున్న కొంత చెలక. పొలం గట్టు పొడుగునా పద్నాలుగు కానుగ చెట్లు. వాళ్ల మామ పెట్టినవి. మిరుగు కార్తె, అదే మృగశిర, వానలు పడి, కుంటలోకి నీళ్లు రాగానే ఆ చెట్ల కొమ్మలు కొట్టి, రొట్ట మోపులు కట్టి, మడిలో పరుస్తారు. ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరుసగా నిలబడి ఆ ఆకును బురదలోకి తొక్కుతారు. వారం, పది రోజుల్లో అది మురిగి మడి మెత్తబడుతుంది. అప్పుడు నాట్లు. మేకలు కూడా సరిగా ముట్టని చేదాకు అది. నేలకు మాత్రం అదే కడుపు నిండా తిండి.

మొదటి కొమ్మ కొట్టే ముందు చిన్నమ్మ చెట్టు మొదలుకు ఇంత పసుపు రాసేది. చెయ్యి ఆనించి, “కొట్టుకుంటున్న తల్లీ, కోపం జేయకు” అనేది.

నేను నవ్వేవాణ్ని. “చెట్టుకు చెవులున్నయా చిన్నమ్మా?”

“నీకున్నయి గద. నువ్వేమన్న ఇంటున్నవా?”

ఆ రోజుల్లో నేను వినే మనిషిని కాను, చెప్పే మనిషిని. సెలవొస్తే చాలు, ఊరూరూ తిరిగి బాబాల గుట్టు విప్పేవాణ్ని. అరచేతిలోంచి బూడిద రాల్చడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం నేనే చేసి చూపించి, ఇందులో మహిమ ఏదీ లేదని చెప్పేవాణ్ని. ఎవరేం చెప్పినా నమ్మే ముందు ‘ఆధారం ఏది?’ అని అడగమనేవాణ్ని. పిల్లలు నన్ను ఆ మాటతోనే ఏడిపించేవాళ్లు. హాజరు పిలిస్తే, “నేను వచ్చినట్టు ఆధారం కావాల్నా సార్?” అనేవాళ్లు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం, చిన్నమ్మ వాళ్ల ఊరికి జీపులో కంపెనీ వాళ్లు వచ్చారు. కానుగ గింజ నుంచి డీజిలు తీస్తారట. ఆ చుట్టుపక్కల గట్లన్నిటి మీదా కానుగలే కాబట్టి ఆ ఊళ్లు ఎంచుకున్నారట. సైన్సు సారు, పైగా ఆ ఊరి కోడలికి అక్క కొడుకు అని నన్ను మాట్లాడమని పిలిచారు. పిలవగానే పోయాను.

బడి ముందర ఒక ఆయిలింజను పెట్టారు. ఎవరో కొబ్బరికాయ తెచ్చారు. నేను వద్దన్నాను. ఇంజనుకు కొబ్బరికాయ ఎందుకు, ఇది సైన్సు అన్నాను. వాళ్లు వెంటనే ఒక ఎర్ర రిబ్బను కట్టి, కత్తెర నా చేతికిచ్చారు. కత్తిరించాను. సీసాలోంచి పసుప్పచ్చని నూనె పోశారు. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది. పైపులోంచి నీళ్లు దూకాయి. మాడిన గింజల వాసన బడంతా నిండింది. జనం చప్పట్లు కొట్టారు. నేను మైకు అందుకుని, “చెట్టు మీద డీజిలు కాస్తుంటే మనం దాన్ని కొట్టి బురదలో తొక్కుతున్నం!” అన్నాను. అన్నిటికన్నా పెద్ద చప్పట్లు ఆ మాటకే. ఈరోజుకీ ఆ చప్పట్లు గుర్తొస్తే తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే అందులోనే ఉంది అసలు సంగతి. రొట్ట కోసం కొమ్మ కొడితే ఆ ఏడు కాయ ఉండదు. పూత, పిందె కొమ్మతోనే పోతాయి. కాయ కావాలంటే కొమ్మ ముట్టుకోవద్దు. ఏళ్లకేళ్లుగా మడికి పోతున్న ఆకును ఆపితే తప్ప వాళ్లకు గింజ రాదు. కంపెనీ మనిషి ఆ ముక్క సన్నగా, చివర్లో చెప్పాడు. ఆయన సన్నగా చెప్పిన దాన్ని మైకులో గట్టిగా చెప్పింది నేను.

చిన్నమ్మ ఆడవాళ్ల వరుసలోంచి లేచింది. “ఇంజను నడిచింది, మంచిదే. గింజ కొనేదెవరు? యాడికి తేవాలె?”

“డిమాండు బాగా ఉందమ్మా. దేశమంతటా డిమాండు ఉంది” అన్నాడు కంపెనీ మనిషి.

“దేశం మా ఊరికొస్తదా, మేమే దేశం కాడికి పోవాల్నా?”

జనం గొల్లున నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆమె ఎదురు ప్రశ్న వేసి నా పరువు తీస్తున్నట్టు అనిపించింది. మైకు మళ్లీ నేనే తీసుకున్నాను. “వాళ్లే వచ్చి ఇంటి ముందర కొంటరు చిన్నమ్మా. నాది పూచీ.” ఆ పూచీ నన్ను ఎవరడిగారు? ఏ కాగితం చూసి ఇచ్చాను? వేదిక మీద కూర్చోబెట్టి ఒక కత్తెర చేతికిస్తే, ‘ఆధారం ఏది’ అన్న మాట నా నోట్లోంచి ఎటు పోయింది?

“నువ్వు చెప్తున్నవు కాబట్టి ఇంటున్న” అంది చిన్నమ్మ. కూర్చుంది.

రెండేళ్లు కొమ్మ కొట్టలేదు. ఆకు బదులు యూరియా వేశారు. మొదటి ఏడు పంట బాగానే వచ్చింది. నేను ఫోను చేసి, చూశావా అన్నాను. రెండో ఏడు గట్టు పొడుగునా చెట్లు గొడుగుల్లా కమ్ముకుని, నీడ పడ్డ మేర వరి సాగిపోయి పడిపోయింది. నీళ్లు తీసిన మడి పెంకుల్లా పగిలింది. కాయ మాత్రం విరగకాసింది. ఎండల్లో ఆడవాళ్లు ఏరారు. కానుగ కాయ తోలు చెక్కలాంటిది. బండ మీద పెట్టి కట్టెతో కొడితే తప్ప గింజ రాదు. కొట్టంలో కూర్చుని కొట్టి కొట్టి వాళ్ల వేళ్లు పగిలాయి. ఆ దుమ్ముకు తుమ్ములే తుమ్ములు. అట్లా చిన్నమ్మ కొట్టంలోకి పదకొండు సంచులు చేరాయి.

జీపు రాలేదు.

ఫోను చేస్తే సారు మీటింగులో ఉన్నాడన్నారు. తర్వాత ఆ నంబరే లేదని ఫోనులో రికార్డు గొంతు చెప్పింది. హైదరాబాద్ పోయాను. ఆఫీసు ఉన్న జాగాలో పెండ్లికార్డుల దుకాణం ఉంది. సర్కారు ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి చాయ్ తెప్పించి, “అది పరిశోధన దశలోనే ఆగిపోయింది మాస్టారూ” అన్నాడు.

“పరిశోధన ఎవరి మీద చేశారు?” అని అడిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. మరో కప్పు చాయ్ ఇస్తానన్నాడు.

చెట్ల మీద పని చేసే ఒక శాస్త్రవేత్తను వెతికి పట్టుకుంటే ఆయన ఒక్కడే నిజం చెప్పాడు. కానుగ నూనె మంచిదే. కానీ ఒక్కో చెట్టు కాపు ఒక్కో తీరుగా ఉంటుంది. గట్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చెట్ల నుంచి గింజ ఏరించి ఒక చోటికి చేర్చడమే పెద్ద పని. ఏ చెట్టు ఎంత కాస్తుందో తేల్చడానికే ఇంకా ఏళ్లు పడుతుంది. అది మాకింకా తెలియదు, అన్నాడు. తెలియదు అన్న ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. కంపెనీ పంచిన రంగు కాగితంలో తెలియనిది ఏదీ లేదు. ఆ కాగితం నా దగ్గర రెండేళ్లపాటు ఉంది. నేను ఒక్కసారి కూడా అనుమానంగా చదవలేదు. బాబా బూడిద రాలుస్తుంటే చేతిని కాదు, మోచేతిని చూడాలని ఊరూరూ చెప్పినవాణ్ని, ఇంజనునే చూస్తూ నిలబడ్డాను. ఇంజనులో మోసం ఏమీ లేదు. అది నిజంగానే నడిచింది.

చిన్నమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది: “నేను చెట్టుకు పసుపు పెడితే నవ్వినవు. నువ్వు ఇంజనుకు రిబ్బను కత్తిరించినవు. గిది ఏ లెక్కల వస్తది సారూ?”

నన్ను కొడకా అని కాక సారూ అని పిలవడం అదే మొదలు.

“సంచులు గానుగకు ఇయ్యి చిన్నమ్మా. నూనె వస్తది, పిండినంక మిగిలిన చెక్క పొలానికి ఎరువయితది.”

“ఇయ్య. వాళ్లు తీయమంటె తీసిన గింజ. వాళ్లదే. వచ్చి తీస్కపోవాలె. అప్పటిదాంక నా కొట్టంల కిరాయి లేకుంట ఉంటది.”

ఆ మిరుగుకే మళ్లీ కొమ్మలు కొట్టించింది. మడి వెంటనే మెత్తబడలేదు. రెండేళ్ల ఆకు ఒక్క ఏట రాదు. మూడు పంటలు పోయినంక పగుళ్లు తగ్గాయి. సంచులు మాత్రం కొట్టంలో గోడకు ఆనించి అట్లాగే ఉన్నాయి. చేదుకు ఎలుకలు కూడా ముట్టలేదు.

ఇక ఈ మధ్య సంగతి. మళ్లీ జీపు వచ్చింది. వేరే కంపెనీ, వేరే సారు. ఈసారి కానుగ ఊసే లేదు. మక్కల నుంచి, అదే మొక్కజొన్న నుంచి, నూకల నుంచి ఇథనాల్ తీసి పెట్రోల్లో కలుపుతారట. ఊరంతా మక్క వేయాలట. గట్ల మీది నీడ మక్కకు మంచిది కాదు కాబట్టి చెట్లు తీసేస్తే ఇంకా మంచిదట. తిండిగింజను బండ్లకు తాగించడం గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. ఆ రోజు అది చెప్పలేదు. మళ్లీ నన్నే మాట్లాడమన్నారు, మళ్లీ పోయాను. కత్తెర పళ్లెంలో పెట్టి తెచ్చారు. ముట్టుకోలేదు. మైకు తీసుకుని చిన్నమ్మ ప్రశ్నే అడిగాను. “కొనేదెవరు? ఎక్కడ? కొనకపోతే జవాబుదారీ ఎవరిది? కాగితం మీద రాసిస్తారా?”

“నెగటివ్‌గా ఆలోచించొద్దు మాస్టారూ. డిమాండు పెరుగుతోంది” అన్నాడు ఆ సారు. మైకు నా చేతిలోంచి మర్యాదగా తీసుకున్నారు.

అప్పుడు చిన్నమ్మ లేచింది. బయటికి నడిచింది. వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు నడిచారు. కాసేపటికి నెత్తి మీద సంచులతో తిరిగొచ్చారు. జీపు వెనక తలుపు తీసి ఒక్కొక్కటీ లోపల పడేయడం మొదలుపెట్టారు.

డ్రైవరు ఉరికొచ్చాడు. “ఏందమ్మా ఇది? ఏం సంచులివి?”

“మీవే బిడ్డా. ఇన్నేండ్ల సంది దాచిపెట్టినం.”

కొత్త సారు వచ్చాడు. “అమ్మా, ఆ కంపెనీ వేరు. మాకు సంబంధం లేదు.”

“గా సారు గూడ గిట్లనే తెల్లంగి ఏస్కున్నడు” అంది చిన్నమ్మ. “గాయిన గూడ డిమాండు అన్నడు. మీరూ మీరూ ఒక్కటే మాట మాట్లాడుతరు, గింజల కాడికొస్తే వేరయితరా? ముందుగాల్ల గివి తీస్కపోండ్రి. మక్కల ముచ్చట అటెన్క.”

ఊరంతా నవ్వింది. ఈసారి నాకు సిగ్గేయలేదు. రెండో తిరుగుకు పదకొండు సంచులూ జీపెక్కాయి; పన్నెండో సంచి కూడా ఉంటే బాగుండు అనిపించింది. వెనక చక్రాలు అణిగిపోయి జీపు అట్లాగే పోయింది.

మర్నాడు పొద్దున ఊరి పొలిమేర దాటినంక రోడ్డు పక్కన పదకొండు సంచులూ పడి ఉన్నాయి. కొన్ని పగిలి గింజలు కంకర మీద చెదిరాయి. అంత చదువుకున్నవాళ్లు, అంత పెద్ద మాటలు మాట్లాడినవాళ్లు, పక్క ఊరి దాకా కూడా మోయలేదు. మేము ఎడ్లబండి కట్టుకుని పోయి ఎత్తుకొచ్చాం. చిన్నమ్మ ఇక వాటిని కొట్టంలో పెట్టలేదు. దంచి మడిలో చల్లించింది.

ఆ మిరుగుకు నేను అక్కడే ఉన్నాను. జీవితంలో మొదటిసారి కొడవలి పట్టుకుని గట్టు ఎక్కాను. చిన్నమ్మ కానుగ మొదలుకు పసుపు రాసి, చెయ్యి ఆనించి, ఎప్పటి మాటే అంది. చెట్టుకు వినబడుతుందని నేను ఇప్పటికీ నమ్మను. కానీ కొట్టబోయే దాన్ని ఒక మాట అడిగే మనిషిని ఆ గట్టు మీద తప్ప నేనెక్కడా చూడలేదు.

“నిలబడి ఏం జూస్తున్నవు?” అంది. “గా పై కొమ్మ జర కిందికి వంచు, కొడకా.”