పది పూల లెక్క

వ్యవసాయ కాలేజీ ఆఖరి ఏడాది పిల్లలు నలుగురు ఆ ఏడు మా ఊళ్లో గది తీసుకుని ఉన్నారు. కొత్త పద్ధతులు రైతులకు చూపించడం వాళ్ల చదువులో భాగం. మిరప పూతలో తామర పురుగు కనబడగానే మందు కొట్టొద్దని, లెక్కపెట్టి, మితి దాటితేనే కొట్టమని ఇంటింటికీ చెప్పారు. అలా చేసి చూపించడానికి ఎవరూ చేను ఇవ్వలేదు. నేను అర ఎకరం ఇచ్చాను. తేదీలు, లెక్కలు రాసుకునే అలవాటు నాకెలాగూ ఉంది.

రోజూ పొద్దున్నే పది పూలు తెల్లకాగితం మీద దులిపి, రాలిన పురుగులు లెక్కపెట్టి, నా పుస్తకంలో ఆ రోజు గడిలో రాయాలి. ఇరవై రెండు రోజులు, ఒక్కరోజు మానకుండా, మోకాళ్లు పట్టుకుని గట్టు దిగాను. లెక్క పెరుగుతూ తగ్గుతూ ఉంది కానీ మితి దాటలేదు. నా చేను చూసుకునే అమ్మాయి, ముప్పై రోజులు నిండగానే రైతులందర్నీ గట్టు మీదికి పిలిచి చూపిస్తానంది.

ఇరవై మూడో రోజు కాగితం మీద ఒక్క పురుగూ రాలలేదు. ఆకులు మందు వాసన కొడుతున్నాయి. పక్క చేను చేసే మా మరిది కొడుకుని పిలిచి అడిగాను.

"నిన్న సాయంత్రం నా చేలో కొట్టంగా సగం ట్యాంకు మిగిలింది పెద్దమ్మా. నీది వదిలేసిపోతే ఊళ్లో నన్నేమంటారు?"

"నిన్నెవరు కొట్టమన్నార్రా?"

"ఒకరు చెప్పాలా ఏంది? మందు నాదేగా, నీకేం పోయింది?"

మిగిలిన మందు పక్కవాళ్ల చేలో కొట్టిపోవడం మా దగ్గర మర్యాద. అది తెలిసీ వాడికి ముందే వద్దని చెప్పలేదు. తప్పు నాది.

తొమ్మిదింటికి అమ్మాయి వచ్చి పుస్తకం తెరిచింది. "సున్నానా మామ్మా! మందు లేకుండానే!" అని ఫోను తీసింది. ఊరుకుంటే సరిపోయేది. అప్పటికి నాకు మాట్లాడే ఓపిక కూడా లేదు.

"ఆగమ్మాయ్. నిన్న మందు పడింది."

ఆమె గట్టు మీద కూలబడింది. "మరి ఈ ఇరవై రెండు రోజులూ?"

"అవి ఉంటాయి. ఇవ్వాళ్టి నుంచే లేవు."

మిగిలిన గళ్లన్నీ ఆమే అడ్డంగా కొట్టేసింది. రైతులను పిలవలేదు. నెలాఖరుకి నలుగురూ మాచర్ల బస్సెక్కి వెళ్లిపోయారు.

చేను బాగానే కాసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఇరవై రెండు రోజులు మందే లేకుండా నిలిచిందని ప్రతివాళ్లకూ పుస్తకం చూపించాను. అందరూ తలాడించారు. ఆ తర్వాత ఐదుగురు నన్నే అడిగారు, మీవాడు కొట్టిన మందు పేరేందని.