ముట్టుకోలేని చోటు

నీలగిరి తైలం వాసన తగిలితే ఇప్పటికీ నేను అక్కడ నిలవలేను. నిన్న పక్కింటావిడ నుదుటికి రాసుకుంటుంటే, మాట మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేశాను. మెట్టుగూడ మిషన్ బడిలో కొత్త టీచరుగా చేరిన నాకు పాఠం చెప్పడం నేర్పిన కరుణమ్మ టీచరు చుట్టూ ఎప్పుడూ ఉండే వాసన అది. ఆవిడది గుంటూరు వైపు. తలనొప్పి లేని రోజు ఆవిడకు ఉండేది కాదు.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజుల్లో, ఇండియా పటాలాలు ఊళ్లోకి వస్తున్నాయని రాంగోపాల్‌పేట్‌లో మా ముస్లిం ఇళ్లన్నీ తలుపులు బిగించుకుంటే, ఆవిడే వచ్చి అమ్మనూ నన్నూ తన ఇంటికి తీసుకుపోయారు. "మా తోటి మీకు సుత తక్లీఫ్ అయితది టీచరమ్మా," అంది అమ్మ. ఇబ్బందేమీ లేదన్నట్టు ఆవిడ పొయ్యి మీద ఎసరు పెట్టారు. ఆ రోజుల్లోనే, మాకు అన్నం వడ్డిస్తూ ఆవిడ మూర్ఛ వచ్చి పడిపోవడం మొదటిసారి చూశాను.

రైళ్లు సరిగ్గా నడవడం మొదలయ్యాక ఆవిడను మద్రాసు తీసుకెళ్లాను. మెడలోని రక్తనాళంలోకి మందు ఎక్కించి తలకు ఎక్స్‌రేలు తీశారు. పుట్టుకతోనే మెదడు లోలోతున రక్తనాళాలు చిక్కుముడి పడి ఉన్నాయని డాక్టరు చెప్పారు. పుర్రె తెరిస్తే, కత్తి అంత లోతుకు చేరేలోపే మాటా కుడిచేయీ పోవచ్చట. మెడలో నాళాన్ని కట్టేస్తే రక్తం ఇంకో దారి వెతుక్కుంటుందట, పక్షవాతమూ రావచ్చట. ఎక్స్‌రే కిరణాలతో వైద్యం చేసి చూడొచ్చు గానీ, దాని మీద ఆయనకే నమ్మకం లేదు. వదిలేస్తే ఎప్పుడైనా చిట్లవచ్చు, చిట్లకపోనూవచ్చు.

"మీ అక్కకే ఇలా వస్తే ఏం చేయిస్తారు?" అని టీచరు అడిగారు. ఆయన ఎక్స్‌రే వైపే చూస్తూ, "తెలియదమ్మా," అన్నారు.

తిరుగు రైల్లో ఆపరేషన్ చేయించుకోమని బతిమాలాను. "మాట పోయాక పిల్లల ముందు నిలబడి ఏం చేయను, జుబేదా? వదిలేద్దాం," అన్నారు. ఆ తర్వాత రెండేళ్లు పాఠాలు చెప్పారు. ఒక ఉదయం బడి ప్రార్థనలో ఆ చిక్కుముడి చిట్లింది. ప్రాణం తీయలేదు. ఏ మాట కోసం కత్తి వద్దన్నారో ఆ మాటనే తీసుకుపోయింది, కుడిచేతితో సహా.

మంచం పక్కన కూర్చుని, "అంతా మంచిగైతది టీచరమ్మా," అనబోయాను. ఆవిడ ఎడమచేయి మెల్లగా ఎత్తి నా నోరు మూశారు. చాలాసేపు తీయలేదు. ఆ చలికాలం దాటలేదు ఆవిడ. ఆపరేషన్ చేయించి ఉంటే బతికేవారా అని ఎందరు డాక్టర్లను అడిగినా ఒక్కరూ తేల్చి చెప్పలేదు. రోగుల దగ్గరికి వెళ్తే, తగ్గిపోతుందని నేను ఈనాటికీ అనలేను. పక్కన కూర్చుంటాను. పట్టుకోనిస్తే చేయి పట్టుకుంటాను, అంతే.