మధ్య కాగితానికి ఎనిమిది చిల్లులు

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్ళీ తెరిచిన ఏడాది, వేసవి మొదట్లో నన్ను ఇల్లినాయ్‌లోని అరోరా ఆఫీసుకు మార్చారు. పాత కార్లకు మాత్రమే ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీలో నేను సీనియర్ ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని. మామూలు కారు విలువ ఏటేటా తగ్గుతుంది. మా దగ్గరికి వచ్చే కార్ల సంగతి వేరు. వాటి విలువ ఎంతో యజమానీ, కంపెనీవాళ్ళూ ముందే ఒప్పుకుని పాలసీలో రాసుకుంటారు. ఆ ఒప్పందానికి ముందు కారునూ, దాని చరిత్రకు సాక్ష్యంగా చూపించే కాగితాలనూ పరీక్షించడం నా పని. నమ్మకపోవడానికే నాకు జీతం ఇచ్చేవారని చెప్పినా తప్పులేదు.

అక్కడ చేరిన కొత్తలోనే శ్రావణి ఫైలు వచ్చింది. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, సివిల్ ఇంజనీరు. పక్కింటి వాల్టర్ అనే పెద్దాయన దగ్గర హైస్కూలు రోజుల నుంచీ కార్ల మరమ్మతు నేర్చుకుంది. చనిపోయే ముందు ఏడాది ఆయన తన మజిల్ కారును ఆమెకు అమ్మాడు. మజిల్ కారంటే అరవైల్లో, డెబ్బైల మొదట్లో అమెరికా కుర్రకారు కోసం తయారైన, మామూలు సైజు బాడీలో అతి పెద్ద ఇంజను బిగించిన రెండు తలుపుల బండి. కారుతో పాటు ఆ కాలపు కార్ల పత్రికలు ఒక అట్టపెట్టె నిండా ఇచ్చాడు. వాటిలో ఒక సంచిక నడిమి పేజీలో, రేసు మైదానంలో అదే కారు పక్కన నిలబడ్డ కుర్ర వాల్టర్ ఫోటో ఉంది. అది నిజమైతే కారుకు ఒక చరిత్ర ఉన్నట్టు, పాలసీ విలువా దానికి తగ్గట్టు పెరుగుతుంది.

పాత యజమాని కుటుంబాన్ని విచారించడం మా పద్ధతి. వాల్టర్ కొడుకు గ్రెగ్‌కు ఫోన్ చేశాను. కారు ఇల్లు దాటిందన్న కోపం ఆయన మాటలో దాగలేదు. ఆ సంచిక తనకు బాగా గుర్తని, తన చిన్నప్పుడే ఆ ఫోటో కత్తిరించేసి ఉందని, ఇప్పుడు కనిపిస్తోందంటే ఆ అమ్మాయి ప్రింట్ చేయించి పెట్టిందని ఫిర్యాదు చేశాడు. ఎవరు కత్తిరించారని అడిగాను. గుర్తులేదన్నాడు. పేజీ గుర్తుండి కత్తిరించిన మనిషి గుర్తులేకపోవడం నాకు నచ్చలేదు. ఆ మాటా ఫైల్లో రాసుకున్నాను.

ఆ ఆదివారం గుడిలో శ్రావణి తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "మీరూ మనవాళ్ళేనటగా అన్నయ్యగారూ. పిల్ల ఆ కారు మీద ప్రాణం పెట్టుకుంది. కాస్త చూడండి" అంది. తల్లి ఆదుర్దానే కావచ్చు. నాకు మాత్రం అనుమానం ఇంకొంచెం బిగుసుకుంది. మర్నాడే ఈ సిఫారసు సంగతి మా మేనేజరుకు చెప్పాను. మేనేజరు ఆ ఫైలు నా దగ్గరే ఉంచి, నా రిపోర్టు మీద ఇంకో ఇన్‌స్పెక్టరు సంతకం కూడా ఉండాలంది.

శ్రావణి గరాజ్‌లో ముందు కారు చూశాను. ఇంజను మీద చెక్కిన నంబరూ కారు నంబరూ సరిపోయాయి. తర్వాత పత్రిక తీశాను. అలాంటి పత్రికల్లో కాగితాలన్నీ మధ్యకు మడిచి, వెన్నుకు రెండు పిన్నులు కొడతారు. ప్రతి కాగితానికీ పిన్ను కాళ్ళు దిగిన చిల్లులు నాలుగు ఉంటాయి. మధ్య కాగితానికి మాత్రం ఎనిమిది ఉన్నాయి. పిన్నులు ఎవరో విప్పి మళ్ళీ వంచారు. కాగితం రంగు కూడా పక్కవాటి కంటే ఒక పిసరు తక్కువ పసుపు.

"ఈ కాగితం మీరు మార్చారా?" అని అడిగాను. ఆమె అంకుల్ అని పిలుస్తున్నా నేను మీరు అనే మాట్లాడాను.

"లేదు అంకుల్. నేను దాన్ని ఓపెన్ కూడా ఎక్కువ చేయను. వాల్టర్ ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది." నా చేతిలోని భూతద్దం వైపు చూసింది. "మీరు ఫ్రాడ్ అని రాస్తే నా ఇంజనీర్ లైసెన్స్‌కి కూడా ప్రాబ్లమ్ అవుతుంది, మీకు తెలుసు కదా?"

తెలుసు. ఆ ముద్ర పడితే ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్ళినా ఆమె పేరు పక్కన కనిపిస్తుంది. ఇంకా ఏమీ రాయలేదని మాత్రం చెప్పి, పత్రిక తీసుకుని వచ్చాను.

భూతద్దం కింద ఫోటో అచ్చు చుక్కలు పాత ప్రెస్సువే, ఇప్పటి ప్రింటరువి కావు. అంటే ఆ కాగితం, దాని మొదటి నాలుగు చిల్లులతో సహా, అదే సంచిక మరో ప్రతిలోంచి వచ్చింది. ఎప్పుడు వచ్చిందన్నదే మిగిలింది. పిన్నుల తుప్పు దానికి జవాబు చెప్పింది. మధ్య కాగితం మీద తుప్పు మరక, దాని కిందున్న పాత కాగితం మీద మరక ఒకే ఆకారంలో, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. చెమ్మ గదిలో ఆ రెండూ కలిసి ఏళ్ళ తరబడి పడి ఉంటే తప్ప అలా ఇంకదు. మేం సలహా అడిగే కాగితాల నిపుణురాలు కూడా చూసి, ఆ మార్పు కనీసం నాలుగు దశాబ్దాల నాటిదని తేల్చింది. అప్పటికి శ్రావణి పుట్టి కూడా ఉండదు.

ఫిర్యాదు చేసినవాళ్ళకు సాక్ష్యం చూపించాలన్నది నియమం. గ్రెగ్‌ను ఆఫీసుకు పిలిచాను, శ్రావణీ వచ్చింది. చిల్లులూ మరకా చూపించి, మీ నాన్నగారే ఇంకో ప్రతి సంపాదించి ఈ కాగితం మార్చి ఉండాలి అన్నాను. గ్రెగ్ ఫోటో మీదికి వంగాడు.

"కత్తిరించింది నేనే" అన్నాడు. "స్కూల్లో చూపించుకుందామని. తర్వాత ఆ పెట్టె జోలికి వెళ్ళలేదు. నాన్న చూసుకోలేదనే అనుకున్నాను."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. క్షమాపణ చెప్పలేదు. లేస్తూ, ఆ సంచిక తనకు ఇస్తావా అని శ్రావణిని అడిగాడు.

"నో," అంది ఆమె. "అది కారుతోనే ఉంటుంది. చూడాలనిపిస్తే ఇంటికి రండి." ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్ళాడో లేదో నాకు తెలియదు. పాలసీ మాత్రం ఆమె అడిగిన విలువకే ఇచ్చాం.

మార్పు జరిగిందని కనిపెట్టడం నా పనిలో సగమే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నవి వేరే ప్రశ్నలు, వాటికి వేరే సాక్ష్యం కావాలి. రిటైరయ్యేదాకా కొత్త ఇన్‌స్పెక్టర్లు రాసిన రిపోర్టుల్లో "మార్చారు" అన్న మాట, "మోసం" అన్న మాట ఒకే వాక్యంలో కనిపిస్తే వెనక్కి పంపేవాణ్ణి.